ఎన్ని మజిలీలు?

కాశీమజిలీ కథలు చదివినవారికి మజిలీ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మణిసిద్ధుడూ, అతని వెంట వచ్చే గోపకుమారుడూ దారి నడుస్తారు. ఊరు చేరి, చూసిన వింతను గురించి కుర్రవాడు అడిగితే, అప్పుడు మొదలవుతుంది కథ. ప్రయాణంలోని రుచి అంతా మజిలీలోనే వుందని తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. అదే సంగతి సముద్రం మీద లెక్కకట్టి చూడవలసిన పని ఈ సంవత్సరం నా నెత్తిన పడింది.

మా తమ్ముడు అమెరికాలో, సియాటిల్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. వెళ్ళి పదకొండేళ్ళయింది. అమ్మకు డెబ్భైరెండు. మోకాళ్ళు రెండూ మొరాయిస్తున్నాయి. "వచ్చే వేసవి సెలవులకు అమ్మనూ వదిననూ తీసుకుని వచ్చెయ్యి అన్నయ్యా. అందరం కలిసి ఓడ మీద అలాస్కా చూసొద్దాం. ఇంకో రెండేళ్ళు పోతే అమ్మ రాలేదు" అన్నాడు ఫోనులో. ఆ చివరి మాట ఇంట్లో ముగ్గురం విన్నాం. ఎవరమూ దాన్ని మళ్ళీ ఎత్తలేదు.

వాడు రెండు ఓడల కార్యక్రమాలు పంపాడు. రెండూ సియాటిల్‌లో బయలుదేరి వారం తిరిగేసరికి సియాటిల్‌కే చేరతాయి. మొదటిది అయిదు రేవుల్లో ఆగుతుంది: జూనో, ఐసీ స్ట్రెయిట్ పాయింట్, సిట్కా, కెచికాన్, విక్టోరియా. రెండోది ఆగేది నాలుగింట: జూనో, స్కాగ్వే, కెచికాన్, విక్టోరియా. మధ్యలో ఒక రోజు గ్లేసియర్ బే అనే మంచుకొండల అఖాతంలోకి వెళుతుంది గాని, అక్కడ ఎవరినీ దించదు.

"అదే డబ్బుకు ఒక ఊరు ఎక్కువ చూపిస్తామంటుంటే ఇంక ఆలోచనేమిటి?" అన్నది మా ఆవిడ. పుణ్యక్షేత్రాల బస్సు ఎక్కేటప్పుడు మనమంతా వేసే లెక్క అదేగా!

నేను మాత్రం ఒక నోటుపుస్తకం తీసుకుని కూర్చున్నాను. దీనికి నాకు గురువు ఏనుగుల వీరాస్వామయ్యగారు. 1830లో చెన్నపట్నంనుంచి కాశీకి బయలుదేరి, మరుసటి ఏడు తిరిగివచ్చిన ఆ పెద్దమనిషి, దారిలో ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి వసతి వుంది, ఎక్కడ నీళ్ళకు ఇబ్బంది అన్నీ రాసిపెట్టాడు. తన వెనుక వచ్చేవాళ్ళ కాళ్ళను తలుచుకుని రాసిన పుస్తకం అది. నేనూ మా అమ్మ కాళ్ళతో లెక్క మొదలుపెట్టాను.

మొదట తెలిసిందేమిటంటే, ఓడ ఆగే గంటలు వేరు, మనకు దక్కే గంటలు వేరు. దిగడానికి కొంతసేపు పడుతుంది. బయలుదేరే వేళకు అరగంటో గంటో ముందే తిరిగి ఎక్కాలి. ఓడవాళ్ళు ఏర్పాటు చేసిన బస్సులో వెళ్ళినవాళ్ళు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా టాక్సీ మాట్లాడుకున్నవాళ్ళ కోసం ఆగదు. పైగా రేవు ఒకచోట, ఊరు ఒకచోట. సిట్కా మీద చరిత్రవల్ల నాకు మోజు. అలాస్కాను 72 లక్షల డాలర్లకు కొన్న అమెరికాకు, 1867 అక్టోబరు 18న, రష్యా దాన్ని అప్పగించింది ఆ ఊళ్ళోనే. కాని పెద్ద ఓడలు నిలిచే చోటికి ఊరు మైళ్ళ దూరం. ఓడ దిగి బస్సు, బస్సు దిగి నడక, మళ్ళీ బస్సు. కెచికాన్‌లో కొన్ని ఓడలు ఊరి నడిబొడ్డునే నిలుస్తాయి. కొన్ని వార్డ్ కోవ్ అనే దూరపు రేవులో నిలుస్తాయి. మన ఓడ ఎక్కడ నిలుస్తుందో కనుక్కోమని తమ్ముడికి రాశాను. గొడుగులు కూడా కొనిపెట్టమన్నాను. అక్కడ ఏడాదికి పడే వాన సుమారు 12 అడుగులు!

జూనో సంగతి చదువుతుంటే మా మోటుపల్లి గుర్తొచ్చింది. చీరాలకు దగ్గర్లోని ఆ పల్లె ఒకప్పుడు పేరుమోసిన రేవు. తుపానుకు ఒడ్డునపడ్డ ఓడల సరుకును రాజులు లాక్కునే ఆచారం మాని, నిర్ణయించిన సుంకం మాత్రమే పుచ్చుకుంటామని కాకతి గణపతిదేవుడు 1244-45లో అక్కడ అభయశాసనం వేయించాడు. ఓడలు భయపడకుండా రావాలని ఆయన తాపత్రయం. జూనోలో కథ తలకిందులైంది. అలాస్కాకు రాజధాని అయినా ఆ ఊరి జనాభా ముప్ఫైవేల పైచిలుకే. బయటినుంచి రోడ్డు లేదు, ఓడో విమానమో ఎక్కి వెళ్ళవలసిందే. యాత్రికుల తాకిడికి ఉక్కిరిబిక్కిరై, 2024 నుంచి రోజుకు అయిదు పెద్ద ఓడలకు మించి రాకూడదని ఒప్పందం చేసుకున్నారు. కనుక మనం దిగే రోజున ఇంకా ఎన్ని ఓడలు వస్తాయో ముందే చూసుకోవడం మంచిది. అక్కడ మెండెన్‌హాల్ హిమానీనదం ఊరికి ఇరవై కిలోమీటర్లు. బస్సు దిగి, చదునైన బాట మీద కొంచెం నడిస్తే కనబడుతుంది. అమ్మకు అది చాలు. జలపాతం దాకా నడిచేది మేము.

స్కాగ్వే మరీ నయం. 1898లో బంగారం వేటకు పోయినవాళ్ళు ఏడాదికి సరిపడా తిండీ సామానూ వీపున మోసుకుని ఎక్కిన కొండల్లోకి, 1900 నాటికి మూడడుగుల వెడల్పు పట్టాల మీద రైలు వేశారు. కిటికీ దగ్గర కూర్చుంటే చాలు, అదే సుమారు 2,900 అడుగుల ఎత్తు ఎక్కిస్తుంది. మోకాళ్ళతో దానికి పనిలేదు.

ఇక విక్టోరియా. అది కెనడా ఊరు. ఓడ అక్కడ సాయంత్రం చేరి, రాత్రికే కదులుతుంది. "దీపాలు పెట్టాక ఎవరింటికి పోతాం?" అన్నది అమ్మ. పోవడం మన కోసం కాదు, చట్టం కోసం. విదేశీ జెండా గల ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, మరో దేశపు రేవు తాకకుండా మళ్ళీ అమెరికాలో దించరాదని 1886 నాటి చట్టం. అందుచేత మనబోటివాళ్ళకు అమెరికా వీసాతోబాటు కెనడా వీసా కూడా కావాలి. అమెరికా వీసా ఒకటికంటె ఎక్కువసార్లు ప్రవేశించడానికి వీలైనదై వుండాలి. రెండు ఓడలకూ ఈ బాధ ఒకటే గనుక, దీనితో ఎంపిక తేలదు.

ఇదంతా చదివి వినిపించాను. అమ్మ దూది తీసి వత్తులు చేస్తూ విన్నది.

"దిగని రోజులు ఎన్నిరా?" అన్నది.

"మొదటి ఓడకు ఒకటి. రెండోదానికి రెండు."

"దిగకపోతే మీరేం చేస్తారు?"

"చేసేదేముందమ్మా? కూర్చుంటాం."

"వాడు కూడానా?"

"వాడు మాత్రం ఎక్కడికి పోతాడు? చుట్టూ సముద్రం!"

"అయితే రెండోదే ఖాయం చెయ్యమను."

నాకు మాట రాలేదు. పదకొండేళ్ళలో తమ్ముడు నాలుగుసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ పెళ్ళిళ్ళు, బ్యాంకు పనులు, రిజిస్ట్రారు ఆఫీసు, అత్తవారి ఊరు. అమ్మ పక్కన పొద్దుటినుంచి రాత్రిదాకా కూర్చున్న రోజు ఒక్కటి లేదు. మేము రేవులు లెక్కపెడుతుంటే ఆవిడ రేవులు లేని రోజులు లెక్కపెట్టింది.

గ్లేసియర్ బే గురించి కూడా చెప్పాను. 1794లో వాంకూవర్ అనే నావికుడు ఆ దారినే వచ్చినప్పుడు అఖాతం మొగదాకా మంచే. ఇప్పుడది వంద కిలోమీటర్లకు పైగా వెనక్కు తగ్గింది. రోజుకు రెండు పెద్ద ఓడలనే లోపలికి రానిస్తారు. "తగ్గుతున్నదైతే వున్నప్పుడే చూడాలి మరి" అన్నది అమ్మ, తన సంగతి కాదన్నట్టుగా.

ఆ రాత్రే తమ్ముడితో మాట్లాడాం. వాడు కాసేపు పలకలేదు. తరవాత, ఆ రెండు రోజులూ ఆఫీసు ఫోను గదిలోనే పెట్టేస్తానన్నాడు. ఇప్పుడు నోటుపుస్తకంలో ఏ రేవులో ఏమి చూడాలో, ఎన్నింటికి దిగాలో, ఎన్నింటికి ఎక్కాలో వరసగా రాసివుంది. రెండు రోజుల ఎదుట మాత్రం కాగితం ఖాళీ. అక్కడేమీ రాయవద్దని అమ్మ ఆజ్ఞ.