వడపోత

వర్మాంట్‌లో ఫిబ్రవరి చివర, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు రాగానే మేపుల్ చెట్లలో రసం కదులుతుంది. నీళ్లంత తేటగా ఉంటుంది. దాదాపు 40 గ్యాలన్లు మరిగిస్తే ఒక్క గ్యాలన్ పాకం. ఆ మరుగులోనే, ఇసుకలాంటి మడ్డి పుడుతుంది. వేళ్లు నేలలోంచి తాగిన కాల్షియం రసంలోని మాలిక్ ఆమ్లంతో కలిసి, నీరు ఇగిరేకొద్దీ కరిగి ఉండలేక బయటపడుతుంది.

దాన్ని తీయడానికి ఏది కొనాలి? వందల చెట్లున్నవారికి ఫిల్టర్ ప్రెస్ మేలు. పాకంలో డయాటమ్ పొడి కలిపి ఒత్తిడితో తోస్తే అద్దంలా వస్తుంది. ఆ పొడి ఎన్నో యుగాల కిందటి నీటి సూక్ష్మజీవుల పెంకులు. ఈ వసంతపు తీపిని ఏనాటి జలాలో వడకడుతున్నాయన్న ఊహ నన్ను వదలదు.

పెరటి చెట్లకు మాత్రం దళసరి ఫెల్ట్ సంచి, లోపల పలుచటి కాగితపు పొర చాలు. అది ఓపిక అడుగుతుంది. పాకం వేడిగా ఉండగానే పోయాలి. దిగడం లేదని పిండకూడదు. ఉతికేటప్పుడు సబ్బు తగలనివ్వకూడదు.

అసలు ఆ మడ్డి హాని చేయదు. అదీ చెట్టు ఇచ్చిందే. అనకాపల్లి వైపు బెల్లం వండేటప్పుడు పైకి పొంగిన మడ్డిని తోడేస్తారు, అయినా ఆ నేల రుచి అచ్చులో మిగులుతుంది. తేటదనం కోసం ఎంత వదులుకోవచ్చో ప్రెస్ ముందు నిలబడితే తేలలేదు. చివరికి సంచులే తీసుకున్నాను, ఒకటి మూసుకుపోతే అందుకోవడానికి ఇంకొకటి ఉండేలా.