నాగావళిలో లేని చేప

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బైపీసీ చదివిన వాళ్లెవరినైనా అడిగి చూడండి. 'పెట్రోమైజాన్' అనగానే 'సైక్లోస్టొమేటా' అని ఠక్కున చెప్పేస్తారు. నేనూ అంతే. ఒక మార్కు గ్యారంటీ కదా! కానీ దాన్ని ప్రాణంతో చూసినవాళ్లు మాత్రం మా క్లాసులో ఒక్కరూ లేరు. కాలేజీ ల్యాబులో ఫార్మలిన్ సీసాలో పాత బెల్టు ముక్కలా ఒకటి వేలాడుతుండేది. అంతే మా పరిచయం.

ఇంగ్లిషువాళ్లు దాన్ని లాంప్రే అంటారు. నోరుంటుంది, దవడలుండవు. పళ్లుంటాయి, ఎముకలుండవు. పొలుసుల్లేవు, జంట రెక్కల్లేవు. తలకి రెండు పక్కలా ఏడేసి మొప్ప రంధ్రాలు, నెత్తిమీద ఒకే ఒక్క ముక్కు రంధ్రం. ఆ పళ్లయినా మన పళ్లలాంటివి కావు, గోళ్లలో ఉండే కెరటిన్‌తో తయారైనవి. గుండ్రటి నోటితో రాయిని గట్టిగా కరుచుకుని, ప్రవాహానికి కొట్టుకుపోకుండా నిలబడుతుంది. పెట్రోమైజాన్ అంటే అర్థం అదే... రాతిని చప్పరించేది!

వయసులో మనకి ముత్తాతలకి ముత్తాత. దక్షిణాఫ్రికాలో దొరికిన ఓ లాంప్రే శిలాజం 36 కోట్ల ఏళ్లనాటిదని 2006లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అందులోనూ నోటి చుట్టూ పళ్ల వరస స్పష్టంగా ఉంది. అప్పటికింకా డైనోసార్లు పుట్టనేలేదు. అన్నట్టు, మనసు లోతులు తవ్విన ఫ్రాయిడ్ ఉన్నాడే, ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు సూక్ష్మదర్శిని కింద పెట్టుకుని చూసింది ఈ చేప వెన్నుపాములోని నాడీకణాల్నే.

దీని బతుకు మరీ చిత్రం. పిల్లలు ఏటి అడుగున బురదలో కూరుకుపోయి, నీళ్లలో కొట్టుకొచ్చే నాచునీ తుక్కునీ వడగట్టుకుని తింటూ ఏళ్లకేళ్లు గడిపేస్తాయి. ఆ తర్వాత తోకకప్ప కప్పయినట్టు రూపం మార్చుకుంటాయి. కొన్ని జాతులు అక్కడితో తిండే మానేస్తాయి. కొన్ని సముద్రానికి పోయి, పెద్ద చేపల ఒంటికి అతుక్కుని రక్తం తాగి బలుస్తాయి. గుడ్లు పెట్టే వేళకి మళ్లీ ఏటికి ఎదురీత. అయితే పుట్టిన ఏరే కానక్కర్లేదు. బురదలో ఉన్న పిల్లల వాసన నీళ్లలో తగిలితే చాలు, ఇక్కడ పిల్లలు బతుకుతాయన్న భరోసాతో అటే తిరుగుతాయి. గుడ్లు పెట్టి, ఆ ఏట్లోనే ప్రాణాలు వదిలేస్తాయి.

ఇది చల్లటి దేశాల చేప. మన ఎండలు దీనికి పడవు. పడకపోవడమే మేలేమో! నయాగరా జలపాతం అడ్డుగా ఉన్నన్నాళ్లూ అమెరికా మహాసరస్సుల్లో పైవాటి జోలికి ఇది పోలేదు. ఓడల కోసం మనుషులు జలపాతం పక్కనుంచి కాలవ తవ్వారు. 1921లో ఈరీ సరస్సులో కనబడింది. ఆ తర్వాత మిగతావాటికీ పాకింది. ఒక్కో లాంప్రే 18 కిలోల దాకా చేపల్ని చంపగలదు. అక్కడి ట్రౌట్ చేపలు కుప్పకూలాయి. 1958 నుంచి ఏళ్ల తరబడి ఏరుల్లో మందు చల్లుతూనే ఉన్నారు. అదే దేశంలో పడమటి వైపు వేరే కథ. కొలంబియా నదిలో ఆనకట్టలు అడ్డుపడి మరో జాతి లాంప్రేలు తగ్గిపోతే, తాతలనాటి తిండి పోతోందని యాకమా, ఉమటిల్లా తెగలవాళ్లు వాటిని పట్టి, ఆనకట్టల పైకి మోసుకెళ్లి వదులుతున్నారు.

ఇదంతా మా అక్క కూతురికి చెబుతుంటే మధ్యలో ఆపేసింది. "మన ఏట్లో లేనిదాని గురించి ఇంత చదువుతున్నాం కదా పిన్నీ, మరి మలుగు సంగతేంటి?"

మంచి ప్రశ్నే. మలుగుపాము పాము కాదు, లాంప్రే కూడా కాదు. దవడలున్న అసలుసిసలు చేప. (బొమ్మిడాయి దీనికి చుట్టమనుకుంటారు చాలామంది. కాదు. దాని వీపున ముళ్లుంటాయి, అది మంచినీళ్లలోనే పుట్టి పెరుగుతుంది.) లాంప్రే గుడ్ల కోసం ఏటికొస్తే, మలుగు గుడ్ల కోసం సముద్రానికి పోతుంది. అందుకే ఏట్లో పట్టిన మలుగు కడుపులో పండిన గుడ్లు కనబడవు. పిల్లలు మొదట్లో అద్దంలాంటి ఆకుల్లా ఉంటాయి. సన్నటి గాజుపోగుల్లా మారి నదీముఖాల్లోకి చేరి, ఎగువకి పాకుతాయి. ఏళ్ల తరబడి రాళ్ల సందుల్లో పెరిగి, ఒకనాడు సముద్రానికి దిగిపోతాయి. మళ్లీ రావు. ప్రపంచ పరిరక్షణ జాబితాలో మన మలుగు ఇప్పుడు 'ముప్పుకి చేరువలో' ఉన్న చేప.

శ్రీకాకుళంలో నాగావళి గట్టున గేలాలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన్ని కదిపాను.

"మలుగా? సేతికి దొరుకుతాదేటమ్మా! బూడిద రాసుకుని పట్టాల. మా అయ్య రోజుల్లో ఎగువూళ్లలోనూ పడేవి. ఇప్పుడు గేట్లు దాటి ఎలాగెల్తాయి?" అన్నాడు.

వంశధారకి హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజి, నాగావళికి తోటపల్లి. వద్దనడానికి నాకు నోరు రాదు. మా అమ్మగారి రెండెకరాలూ కాలవ నీళ్లతో పండేవే. కానీ గరుకు గోడ తడిగా ఉంటే మలుగు పిల్ల ఎక్కగలదు. నున్నటి ఎండు కాంక్రీటు ఎక్కలేదు. న్యూజిలాండ్‌లో ఇలాంటి చోట్ల తూముల్లోంచి తాళ్లు వేలాడదీస్తారు. తడిసిన తాడు పట్టుకుని పిల్లలు పైకి పాకుతాయి. పెద్ద ఖర్చేమీ కాదు.

ఆ మాటే పెద్దాయనకి చెప్పాను. కాసేపు ఏటి వైపు చూశాడు.

"తాడు నానిస్తానమ్మా. గేటు కాడికి ఎవులెల్లనిస్తారు?"