వన్ బై టూ

నాచారం నుంచి హబ్సిగూడకు వచ్చే దారిలో ఒక చైనీస్ రెస్టారెంటు ఉంది. పేరు చెప్పను. చెబితే చదివినవాళ్లలో సగంమంది ఈ శనివారమే అక్కడికి బయలుదేరతారు, మిగతా సగం ‘అదీ ఒక హోటలేనా’ అని నన్ను తిడతారు. రెండు వర్గాలతోనూ నాకు పని ఉంది, గొడవెందుకు. మొన్నమొన్నటిదాకా బోర్డు మీద ‘చైనీస్ అండ్ తందూర్’ అని ఉండేది. ఈమధ్య దాన్ని దించి ‘పాన్ ఏషియన్’ అని కొత్త బోర్డు ఎక్కించారు. కుర్చీలు మారాయి, కౌంటర్ మీద నవ్వే బుద్ధుడు వెలిశాడు, మెనూలో సుషీ, డిమ్ సమ్, థాయ్ గ్రీన్ కర్రీ చేరాయి. మాస్టర్ మాత్రం మారలేదు.

ఆ హోటల్ గురించి మా వీధిలో ఏ ఇద్దరికీ పొత్తు కుదరదు. “మస్తుంటదన్నా. డ్రాగన్ చికెన్ ఒక్కసారి తిని చూడు, మళ్ల బిర్యానీ జోలికి పోవు” అంటాడు మెడికల్ షాపు కుర్రాడు. “అబ్బే, అవేం నూడుల్సండీ! సేమ్యా ఉప్మాలో సోయా సాస్ ఒంపినట్టుంటేనూ” అంటారు గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మూడో అంతస్తు ఆవిడ. ఆవిడ ప్రతి నెలా వెళ్తారు, ప్రతి నెలా అదే మాట అంటారు. వాళ్లాయన నోరు మెదపరు. ఆయనకు అక్కడ నచ్చేది ఏసీ అని నా అనుమానం. పక్క వీధిలో ఉండే రిటైర్డ్ సైంటిస్టు బెంగాలీ. ఆయన తీర్పు మర్యాదగా ఉంటుంది, అందుకే ఎక్కువ గుచ్చుకుంటుంది: “తిండి బాగుంది. చైనీస్ అని ఎందుకు పిలుస్తారో తెలీదు.”

ఇన్ని నోళ్లు ఒకచోట చేరడంలో వింత లేదు. మెట్రో బ్లూ లైన్‌లో నాగోల్ దాటగానే ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ అని వరసగా నాలుగు స్టేషన్లు వస్తాయి. ఇక్కడ తినేవాళ్ల జాబితా దాదాపు ఆ పేర్లలోనే ఉంది. 1961లో మొదలైన ఎన్‌జీఆర్‌ఐ, దాని దాపునే సీసీఎంబీ, తార్నాక వైపు ఐఐసీటీ. దేశంలోని అన్ని రాష్ట్రాల నుంచీ శాస్త్రవేత్తలు వచ్చి ఈ చుట్టుపక్కలే ఇళ్లు కట్టుకున్నారు. ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో షిఫ్టులు దిగేవాళ్లు వేరు, జెన్‌ప్యాక్ట్‌లో అర్ధరాత్రి అమెరికా లెక్కలు చూసే పిల్లలు వేరు, ఈఎస్‌ఐ ఆసుపత్రిలో మనిషిని చేర్పించి రాత్రికి ఏదో ఒకటి తినాలని వచ్చేవాళ్లు వేరు. ఎన్టీఆర్ 1976లో నాచారంలో రామకృష్ణా స్టూడియో పెట్టిన నాటికి ఇక్కడ ఫ్లోర్‌లో లైట్లు ఆరితే చుట్టూ చీకటే అని పాతవాళ్లు చెప్తారు. ఇప్పుడు అదే దారిలో రాత్రి పదకొండుకు కూడా భట్టీ మోత వినిపిస్తుంది. ఇంతమంది కలిసి ఒకే నూడుల్స్‌ను మెచ్చుకుంటే అది అనుమానించాల్సిన సంగతి.

బెంగాలీ పెద్దాయనతో నాకు పేచీ ఉంది. ఆయన కొలత కలకత్తాలోని చైనావాళ్ల పేట ట్యాంగ్రా. 18వ శతాబ్దం చివర్లో టాంగ్ అచ్యూ అనే చైనా వర్తకుడు కలకత్తాకు దిగువన హుగ్లీ ఒడ్డున చక్కెర మిల్లు పెట్టాడు. ఆ ఊరికి అతని పేరు మీదే అచీపూర్ అన్న పేరు నిలిచింది. తర్వాత చైనా నుంచి వచ్చిన హక్కావాళ్లు ట్యాంగ్రాలో తోళ్ల పరిశ్రమలు నడిపారు, వాటి పక్కనే హోటళ్లు పెట్టారు. బెంగాలీలకు పచ్చిమిర్చి కావాలని గ్రహించి చిల్లీ చికెన్ లాంటివి అలవాటు చేశారు. మరి ఈయన ‘అసలు’ అనుకునేది కూడా ఎవరో కస్టమర్ కోసం మార్చుకున్నదే కదా? 1962 యుద్ధం తర్వాత ప్రభుత్వం వాళ్లలో వేలమందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి పంపింది. ఆ భయంతో ఎందరో కెనడా వెళ్లిపోయారు. ఇప్పుడు టొరంటో చుట్టుపక్కల ‘హక్కా’ అని బోర్డు పెట్టి చిల్లీ చికెన్ అమ్మేది ఆ కుటుంబాలవాళ్లే. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు దాన్ని తిని, అచ్చం ఇంటి దగ్గరి రుచే అని ఫోన్లు చేస్తారు. ఇంటి దగ్గరి రుచి అంటే వాళ్ల ఉద్దేశం పప్పుచారు కాదు, ఉప్పల్ రింగ్ రోడ్డు.

ఇక మంచూరియా సంగతి. 1975లో బొంబాయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడిని ఎవరో కొత్తది ఏదైనా చేసిపెట్టమన్నారట. కలకత్తాలో పుట్టిన చైనీయుడాయన. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, మామూలుగా గరం మసాలా పడాల్సిన చోట సోయా సాస్ పోసి, కార్న్ ఫ్లోర్‌తో చిక్కబరిచి కోడిముక్కలు కలిపాడు. చైనా ఈశాన్యాన మంచూరియా అనే ప్రాంతం ఉంది గానీ అక్కడివాళ్లకు ఈ వంటకంతో ఏ సంబంధమూ లేదు. క్రికెట్ క్లబ్బులో పుట్టినది క్రికెట్ స్టేడియం పక్కన ఇంత వర్ధిల్లడం నాకెందుకో ముచ్చటగా ఉంటుంది.

మనవాళ్లు అక్కడితో ఆగారా? అపోలో ఫిష్, చికెన్ మెజెస్టిక్, లూజ్ ప్రాన్స్ అని మన బార్లూ ఫ్యామిలీ రెస్టారెంట్లూ ఒక కొత్త వంశాన్నే పుట్టించాయి. పెరుగు, కరివేపాకు, పచ్చిమిర్చి, దాని మీద ఒక చుక్క సోయా. అది ఏ దేశం వంట అని అడిగితే సర్వర్ కూడా నవ్వుతాడు. ‘అథెంటిక్ కాదు’ అన్న ఫిర్యాదును నేను పట్టించుకోను. ఈ హోటల్లో తినేవాళ్లలో చైనా చూసినవాళ్లు ఉంటే గింటే ఒకరిద్దరు.

మరి దేనితో పోలుస్తున్నారు? ఎవరు మొదట తిన్న ప్లేటుతో వాళ్లు పోల్చుకుంటారని నాకు అనిపిస్తుంది. సికింద్రాబాద్‌లో పెరిగిన పెద్దలకు పార్క్ లేన్‌లోని నాన్‌కింగ్ కొలత. వాళ్లకు తెల్లటి నేప్‌కిన్, పలచటి సూప్, నెమ్మదిగా మాట్లాడే బేరర్ ఉండాలి. నా వయసువాళ్లకు చైనీస్ బండి కొలత. ప్లేటుకు పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడిగి, దాంట్లో పొగలు కక్కే ఎగ్ నూడుల్స్ వేసి, పైన ఉల్లిపాయ ముక్కలు, ఎర్ర చిల్లీ సాస్. కడగడానికి నీళ్లు లేక కనిపెట్టిన ఉపాయం అది. కె-డ్రామాలు చూసే డిగ్రీ పిల్లలకు టీవీయే కొలత. రామెన్ గిన్నె మీద గుడ్డు సగానికి కోసి ఉండాలి, పచ్చసొన జారుతూ ఉండాలి. సొన బాగా ఉడికిందని ఒక అమ్మాయి వెనక్కి పంపడం చూశాను. పక్క టేబుల్ దగ్గర ఒకాయన అదే గుడ్డు ఉడకలేదని వెనక్కి పంపుతున్నాడు.

ఇదంతా మనుషుల తేడా. ప్లేట్లలోనే తేడా ఉందని మాత్రం చాలామంది ఒప్పుకోరు. బిర్యానీ దమ్ము హండీలో వందమందికి ఒకేసారి తయారవుతుంది. బాగుంటే అందరికీ బాగుంటుంది, చెడితే ఊరంతా చెడుతుంది. నూడుల్స్ అలా కాదు. పొద్దున్నే ఉడికించి నూనె రాసి ఆరబెట్టుకుంటారు. అన్నం కూడా ముందే వండి చల్లార్చాలి, వేడన్నంతో ఫ్రైడ్ రైస్ చేస్తే ముద్దవుతుంది. ఆర్డర్ వచ్చాక మాత్రం రెండు మూడు నిమిషాల పని. భట్టీ మీద కడాయి ఎర్రబడి ఉంటుంది, మాస్టర్ గరిటె మొనతో ఉప్పు, మిరియాల పొడి, సాస్ తీసి విసురుతాడు. చెంచా కొలత లేదు, చీటీ లేదు. ఆ గరిటెకు ఎంత అంటితే అంత. మన ప్లేటు మన కోసమే ఆ నిమిషంలో పుట్టింది. పక్కవాడి ప్లేటు వేరే నిమిషంలో పుట్టింది.

రద్దీ పెరిగితే ఇంకో చిక్కు. మంగళవారం మధ్యాహ్నం ఒక్కో ప్లేటు విడిగా చేసే మాస్టరే శనివారం రాత్రి నాలుగు ప్లేట్ల సరుకు ఒకే కడాయిలో గుమ్మరిస్తాడు. కడాయి వేడి పడిపోతుంది, క్యాబేజీ నీళ్లు వదులుతుంది, వేగాల్సినవి ఉడుకుతాయి. ఆ పొగ వాసన, ఆ కరకర ఉండవు. మ్యాచ్ రాత్రులు సరేసరి. 2024 మార్చి 27న ఉప్పల్‌లో ముంబయి మీద సన్‌రైజర్స్ 277 కొట్టింది, అప్పటికి ఐపీఎల్‌లో అదే రికార్డు. ముంబయి కూడా 246 దాకా వచ్చింది. అలాంటి ఆట చూసి గొంతు పోగొట్టుకుని రోడ్డున పడ్డ జనానికి ఏది పెట్టినా అమృతమే. ఆ జనం మధ్య కూర్చుని మామూలుగా భోంచేద్దామని వచ్చిన కుటుంబానికి మాత్రం అదే రాత్రి, అదే వంట నరకం. ఇద్దరూ నిజమే చెప్తారు.

ఇక పార్సిల్. వేడి వేడి డ్రై మంచూరియాను మూతపెట్టిన డబ్బాలో పెడితే లోపలి ఆవిరి పై పెచ్చును మెత్తబరుస్తుంది. కార్న్ ఫ్లోర్ గ్రేవీ చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. ఇవి రెండూ చాలవన్నట్టు, 2018లో శంకుస్థాపన జరిగి ఏళ్లకేళ్లు సాగిన ఉప్పల్-నారపల్లి కారిడార్ పిల్లర్ల పక్కన గుంతలు దాటుకుంటూ ఆ డబ్బా బోడుప్పల్ చేరాలి. అక్కడ మూత తీసినాయన హోటల్‌కు ఒక్క స్టారే ఇస్తాడు. హాల్లో కూర్చుని తిన్న మెడికల్ షాపు కుర్రాడు ఐదు ఇస్తాడు. అందరివీ కలిపి తీసిన నాలుగు పాయింట్ ఒకటి రుచి మాత్రం ఎవరి నాలుకకూ తగల్లేదు.

రంగు గొడవ ఒకటి మధ్యలో వచ్చింది. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడొద్దని నిషేధించింది. ఆ వార్తలు మన పేపర్లలోనూ వచ్చాక ఇక్కడా ఎరుపు కొంచెం తగ్గించారు. మాస్టర్ కారం తగ్గించలేదు. అయినా ‘మునుపటి ఘాటు లేదు’ అని రెగ్యులర్ కస్టమర్లు గొణిగారు. నాలుక కన్నా ముందు కన్ను తింటుంది కాబోలు.

అజినొమోటో మీద పడే నింద ఇంకా పాతది. 1908లో టోక్యోలో కికునాయె ఇకెడా సముద్రపు నాచుతో కాచిన చారులోంచి ఆ రుచిని వేరుచేశాడు. అరవై ఏళ్ల తర్వాత, 1968లో, అమెరికాలో ఒక వైద్యుడు చైనీస్ హోటల్లో తిన్నాక మెడ వెనక తిమ్మిరి వస్తోందని వైద్య పత్రికకు ఉత్తరం రాశాడు. సోయా సాస్ కావచ్చు, వంటలో పోసే వైన్ కావచ్చు, ఇది కూడా కావచ్చు అని ఆయన రకరకాల అనుమానాలు రాస్తే, జనం ఒక్కదాన్నే పట్టుకున్నారు. తర్వాత ఏది తింటున్నారో చెప్పకుండా జరిపిన పరీక్షల్లో ఆ బాధ నికరంగా తేలలేదు. అజినొమోటోలో ఉండే గ్లుటమేటే పండిన టమాటాలోనూ ఉంటుంది. మూడో అంతస్తు ఆవిడకు ఇదంతా చెప్పాను. “మీరెన్ని చెప్పినా నాకు తలనొప్పి వస్తుందండీ” అన్నారు. వస్తుందేమో, తలనొప్పి ఆవిడది. టమాటా పచ్చడి తింటే ఎందుకు రాదని అడిగే ధైర్యం నాకు లేదు.

ఇంతవరకూ నా లెక్క సవ్యంగానే ఉంది. ప్లేట్లు వేరు, నిమిషాలు వేరు, కొలతలు వేరు, అందుకే మాటలు వేరు. ఈ లెక్కను వన్ బై టూ సూప్ పాడుచేస్తుంది. ఒకే కడాయిలో, ఒకే నిమిషంలో కాచిన మాన్చౌ సూప్‌ను కెప్టెన్ మన కళ్లెదుటే రెండు గిన్నెల్లో సగం సగం పోస్తాడు. పైన వేయించిన నూడుల్స్ కూడా సమంగా చల్లుతాడు. మా బావకు అందులో ఉప్పు ఎక్కువ, నాకు తక్కువ. ఆయన గిన్నె నేను తీసుకున్నాను, నా గిన్నె ఆయన తీసుకున్నాడు. ఆయనకు ఇంకా ఎక్కువే, నాకు ఇంకా తక్కువే. బావకు బీపీ ఉంది, ఇంట్లో ఏళ్లుగా చప్పిడి కూరలు. మా ఇంట్లో భోజనానికి ఆవకాయ జాడీ ఎదుట లేకపోతే ఎవరూ కూర్చోరు. సగం ఇక్కడే తేలిపోతుంది, మిగతా సగం బహుశా మేము బావా బావమరుదులం కావడం వల్ల.

పోయిన నెల ఈ వాదన మళ్లీ మొదలయ్యేసరికి బావకు విసుగొచ్చింది. “ఇగ మనకు పంచుకునుడు వద్దు. రెండు ఫుల్ సూప్‌లు చెప్పు, ఒకటి ఉప్పు తక్కువ, ఒకటి ఎక్కువ” అన్నాడు. కెప్టెన్ పుస్తకం మూసి మా ఇద్దరి వంకా చూశాడు. “సార్, వన్ బై టూనే తెస్త. టేబుల్ మీద సాల్ట్ ఉంది, మీరు వేసుకోండి. ఈ సార్‌కు నిమ్మకాయ తెస్త” అని, మేము ఒప్పుకున్నామో లేదో చూడకుండానే లోపలికి కేక వేశాడు.