అల్లూరు: పోయిన స్థానము

సోదరీమణులు అల్లూరనగానే వరిమళ్లను, ఇసుకపల్లె సముద్రతీరమును దలతురు. మేము పోయినది వేఱొక దానికొఱకు. శాసనసభలో ఈ యూరి పేర నొక స్థానముండెడిది. 2004 ఎన్నికలే దానికి కడపటివి.

నెల్లూరు విడిచి, పెన్న వంతెన దాటి, కోవూరు మీదుగా ఉత్తరముగా పోయి తూర్పునకు మఱలితిమి. ఇరుప్రక్కల పచ్చని మళ్లు, గట్లపై కొంగలు. ఊరు పెద్దదే, అంగళ్లకు కొదువలేదు. పోయినదాని గుర్తుమాత్ర మెచ్చటను గానరాదు. గీతకు గుర్తేమి యుండును?

2001 జనగణన ననుసరించి, కులదీప్ సింగుగారి యధ్యక్షతను నియోజకవర్గ పునర్విభజన సంఘము హద్దులను దిరిగి గీసెను. 2008లో నది యమలయ్యెను. రాష్ట్రమునకు నాడున్న 294 స్థానములలో మార్పులేదు గాని, నెల్లూరు జిల్లాకు 11కు బదులు 10 మిగిలినవి. అల్లూరు, రాపూరు పోయినవి. జనము పెరిగిన నెల్లూరు మాత్రము నగరము, గ్రామీణము అని రెండయ్యెను. అల్లూరు మండలము కావలిలో గలిసెను.

ఐర్లండు దేశమునను ఇట్టిది జరిగినది. డబ్లినునందలి వారి సభలో 300 మంది సభ్యులుండిరి. 1801లో గ్రేట్ బ్రిటనుతో నేకమైనప్పుడు లండను సభలో వారికి 100 స్థానములే దక్కినవి. బరోలను చిన్న పట్టణ స్థానములు పెక్కు రద్దయినవి. వానిలో ననేకము ప్రభువుల సొంత ఆస్తివలె నుండెడివి గనుక, రద్దయిన యొక్కొక్క బరోకు 15,000 పౌనుల పరిహార మిచ్చిరి. అది చాలవరకు ఆ ప్రభువులకే ముట్టినది. ఊరివారి సంగతి యడిగిన వారెవరు?

అల్లూరు ఎవరి సొత్తును గాదు. మార్క్సిస్టు పక్షమువారైన జక్కా వెంకయ్యగారు 1985లోను, 1994లోను ఇచ్చటినుండియే గెలిచిరి. భూస్వాముల సీమయని పేరుపడిన జిల్లాలో నిది చిన్న విషయము గాదని మా తలంపు.

బస్సుల తావున ఆకుకూరలమ్ము ముసలమ్మ నడిగితిమి. "పేరు పోతే పోయిందిలేమ్మా. పనుండి పోవాలంటే కావలికి పోవాల. ఒక పూట కూలి పోతాది," అనెను. 2026 తరువాతి మొదటి జనగణన పిమ్మట హద్దులు మఱల మారవచ్చునని చెప్పితిమి.

"అయితే మా అల్లూరిని మళ్లా ఇస్తారా?"

జనసంఖ్యనుబట్టి యని మాత్రము చెప్పి, రెండు కట్టల తోటకూర కొనుక్కొంటిమి.