కొండకు వెళ్ళేదారిలో ఆటోనగర్

బెజవాడ వెళ్ళినవారు కనకదుర్గమ్మ కొండ ఎక్కుతారు. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి కృష్ణను చూస్తారు. తీరిక ఉంటే ఉండవల్లి గుహలకూ వెళ్ళివస్తారు. ఆటోనగర్ చూచివచ్చామని చెప్పినవారు మాత్రం నాకింతవరకూ తటస్థపడలేదు. నేను చూశాను. కావాలని చూడలేదు లెండి. మా కారు చూపించింది.

2008 వేసవి. మా చిన్నవాడి పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయిస్తానని మా అమ్మ మొక్కుకొన్నది. అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, పులిహోర డబ్బా, మంచినీళ్ళ కూజాతో సహా ఏలూరులో బయలుదేరాము. బండి మా నాన్నగారినాటి అంబాసిడర్. రెండు నెలలుగా దాని స్టీరింగులో రెండంగుళాల ఖాళీ ఉన్నది. అంటే చక్రం అంతదూరం తిప్పినదాకా బండికి మన మాట వినబడదన్నమాట. మా ఊళ్ళో ఒకరికి చూపిస్తే, “పాతబండి కదండీ, అంతే” అని ఏదో బిగించి పంపించారు. నాకూ ఆ మాటే హాయిగా తోచింది.

గన్నవరం దాటేసరికి స్టీరింగు చేతుల్లో వణకసాగింది. దిగి చూస్తే ముందు ఎడమ టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయి ఉన్నది. అరగంటలో పని అయిపోతుందిగదా అని రామవరప్పాడు దాటి ఆటోనగర్ వైపు తిప్పాను.

అది పేరుకు పేట గాని, నిజానికి ఒక చిన్న రాజ్యం. ఒక వీధి అంతా లారీలకు బాడీలు కట్టేవారు. వడ్రంగి చెక్క చిత్రిక పడుతుంటే, పక్కనే రంగులవాడు డాలా మీద తామరపూవు దిద్దుతున్నాడు. ఇంకొక వీధిలో రేడియేటర్లు. మరొకచోట కొలిమి భగభగ మండుతూ ఉన్నది. కుంగిపోయిన లారీ కమాను పట్టీలను ఎర్రగా కాల్చి, సుత్తితో కొట్టి వంపు తెస్తున్నారు. కాలిన ఇనుమును నూనెలో ముంచినప్పుడల్లా గుప్పుమని పొగ లేస్తున్నది. మా పెద్దవాడికి ఆ కొలిమి దగ్గర నుంచి కాళ్ళు కదలలేదు.

మా పాలబడిన మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. కళ్ళజోడు దారంతో కట్టుకొన్నాడు. బానెట్టు ముట్టుకోనైనా లేదు. ముందు రెక్కమీద రెండు చేతులూ మోపి అదిమి వదిలాడు. బండి మూడుసార్లు ఊగింది.

“ఒకసారి లేచి ఊరుకోవాలండీ. ఇది ఊయలూగుతున్నది. షాకబ్జర్లు అయిపోయినై.”

తరువాత జాకీ ఎత్తి, ఒక్క జాకీని నమ్మక కింద చెక్కదిమ్మలు పేర్చాడు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు, కదలలేదు. అలా కదిలితే బేరింగులోనో, చక్రం తిరిగే పిన్నులోనో అరుగుదల ఉన్నట్లట. ఈసారి అటూ ఇటూ పట్టి ఊపాడు. టక్కుటక్కుమన్నది. మా పెద్దవాణ్ణి లోపల కూర్చోబెట్టి స్టీరింగు కొద్దికొద్దిగా ఆడించమని, తాను కింద దూరి నన్నూ వంగి చూడమన్నాడు.

స్టీరింగు కింద పళ్ళచక్రం, దానితో కలిసి అటూ ఇటూ జరిగే పళ్ళకడ్డీ ఉంటాయి. ఆ కడ్డీ రెండు కొసలనుంచి ఒక్కొక్క చక్రానికి ఒక్కొక్క రాడ్డు. ఆ రాడ్డు చివర ఉన్నదే ‘ఎండు’.

“మన తుంటికీలు లాంటిదే బాబుగారూ. గిన్నెలో గుండు. ఇదుగో, పైన రబ్బరు తొడుగు చినిగింది. వానలో బురద లోపలికి పోయింది. గ్రీజు కడుక్కుపోయి, ఇసుక గుండును నూరేసింది. ఇంకొక పెద్ద గుంటలో పడితే గిన్నెలోంచి ఊడుతుంది. ఊడితే ఆ చక్రం దానిష్టం. మీరు స్టీరింగు ఎటు తిప్పినా ఒకటే.”

అప్పటికి సాయంత్రం నాలుగయింది. మర్నాడు ఉదయమే కొండమీద ఉండాలి. గది కూడా తీసుకొని ఉన్నాము. సిగ్గు విడిచి అడిగాను: “ఇప్పటికి గ్రీజు పట్టించి ఇవ్వండి మేస్త్రిగారూ, తిరిగివచ్చేటప్పుడు మార్పించుకొంటాను.”

అతడు గుడ్డతో చేతులు తుడుచుకొన్నాడు. “గ్రీజు పట్టిస్తాను, డబ్బులూ తీసుకొంటాను. కాని బాబుగారూ, ఎక్కేటప్పుడు కాదు, కొండ దిగేటప్పుడు చూసుకోవాలి. ఈ బండిలో పిల్లల్ని మాత్రం ఎక్కించుకోకండి.”

నేనేదో అనబోయాను. ముక్కాలిపీట మీద కూర్చొన్న మా అమ్మ అడ్డుకొన్నది: “నాయనా, ఏడుకొండలవాడు ఎల్లుండి కూడా కొండమీదే ఉంటాడు. నువ్వు ముందు చక్రం సంగతి చూడు.”

ఇక మాటలేదు. రెండు వైపులా ఎండ్లు కొత్తవి వేశాడు. ఒకటి అరిగితే రెండోది ఎన్నాళ్ళో ఆగదట. పాతది ఎన్ని చుట్లు తిప్పితే ఊడివచ్చిందో లెక్కపెట్టి, కొత్తది అన్ని చుట్లే ఎక్కించాడు. నట్టు జారకుండా పెట్టే కాటరు పిన్ను పాతదే బాగున్నదిగదా అంటే, ఒకసారి వంచినది మళ్ళీ పనికిరాదని పారవేశాడు. ముందు షాకబ్జర్లు మార్చాడు. వెనుక కమాను కట్టల యూ బోల్టులు బిగించి, గ్రీజుగన్నుతో కీలుకీలుకూ గ్రీజు ఎక్కించాడు.

చివరికి రెండు ముందు టైర్లమీద సుద్దతో గీతలు గీసి, టేపు కొస మా పెద్దవాడి చేతికిచ్చి, ముందువైపు దూరం ఒకసారి, వెనుకవైపు దూరం ఒకసారి కొలిచాడు. ముందువైపు ఒక వడ్లగింజ మందమంత తక్కువ ఉండాలట. అది తప్పితే టైరు రోడ్డుమీద దొర్లదు, ఈడ్చుకుపోతుంది. మా టైరు అంచు అరిగిన రహస్యం అదే. పనిలో పనిగా ఆ టైరూ మార్పించాము.

ఆ రాత్రి పటమటలో బంధువుల ఇంట పడుకొని, తెల్లవారుజామున బయలుదేరి, ఒంగోలు, నెల్లూరు, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి చేరాము. మొక్కు తీరింది. గది పోయింది గాని, సత్రంలో చోటు దొరికింది.

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వేశారు. 1974లో రెండవది వచ్చాక, ఎక్కటానికి కొత్తది, దిగటానికి పాతది అయింది. దిగే దారిలో మలుపు వెంట మలుపు; ఒకవైపు కొండరాయి, ఒకవైపు లోయ. రెండో గేరులో మెల్లగా దింపుతున్నాను. మలుపు తిరిగినప్పుడల్లా చక్రం నా చేతిమాట వెంటనే విన్నది. వెనుక సీటులో గుండు తల నిమురుకొంటూ చిన్నవాడు వాళ్ళ నాయనమ్మ ఒళ్ళో నిద్రపోతున్నాడు. ఒక మలుపులో నాకు ఆ టక్కుటక్కు చప్పుడు జ్ఞాపకం వచ్చింది. అరచేతులు చెమర్చాయి. పక్కనున్న మా ఆవిడకు ఏమీ చెప్పలేదు.

ఆ అంబాసిడర్ ఇప్పుడు మా ఇంట లేదు. 2014లో ఆ బండ్ల తయారీయే ఆగిపోయింది. ఇప్పటి కార్ల స్టీరింగు చిటికెనవేలితో తిరుగుతుంది. కాని ఆ సుఖం వెనుకనే అరుగుదల దాక్కొంటుంది సుమా! రాడ్డు చివర ఇప్పటికీ గిన్నెలో గుండే, పైన రబ్బరు తొడుగే. దూరప్రయాణానికి ముందు ఆ తొడుగు చినిగిందేమో చూపించుకోండి. టైరు ఒక అంచునే అరిగినా, బండి తనంతట పక్కకు లాగినా, స్టీరింగులో ఖాళీ తగిలినా “పాతబండి, అంతే” అనే మాటకు సంతోషించకండి.

ఆనాటి పాత ఎండు నా బల్ల సొరుగులో ఉన్నది. మా పెద్దవాడు కారు తీసినప్పుడల్లా దాన్ని చూపిస్తాను. వాడు నవ్వుతాడు గాని, ముందు టైర్లవైపు ఒకసారి వంగి చూడకుండా మాత్రం బయలుదేరడు.