వెనక దీపం

మావారు కారు నడుపుతారు, నాకు రాదు. అందుకని కారు సంగతులు నాకెందుకులే అనుకునేదాన్ని. 2015 ముక్కనుమ నాడు ఆ అభిప్రాయం మారిపోయింది.

గుడివాడలో మా ఆడపడుచు గారింట్లో పండగ చేసుకుని, మావారికి ఆఫీసుందని తెల్లవారుజామునే విజయవాడ బయల్దేరాం. మంచు దట్టంగా ఉంది. పిల్లలిద్దరూ వెనక సీట్లో నిద్రపోతున్నారు. కంకిపాడు దగ్గర వెనక నుంచి కీచుమని బ్రేకు చప్పుడు! లారీ ఒకటి మా డిక్కీకి మూరెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగొచ్చి, "మీ వెనక లైట్లు వెలగట్లేదు సార్. దగ్గరికొచ్చేదాకా కారున్నట్టే తెలీలేదు" అన్నాడు. తిట్టినా బాగుండేది. పిల్లల వంక చూసేసరికి నా కాళ్ళూ చేతులూ చల్లబడిపోయాయి.

మర్నాడు మా వీధి మెకానిక్ బల్బులు మార్చాడు. వెలిగాయి. నాలుగు రోజులకి మళ్ళీ మామూలే. ఈసారి ఆటోనగర్ తీసుకెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. అక్కడి పెద్దాయన ఇండికేటర్ వేయించి, "చూడమ్మా, దాంతోపాటు ఎర్రలైటు కూడా మినుకుమంటోంది. ఇది బల్బు జబ్బు కాదు, ఎర్తు జబ్బు" అన్నారు. కరెంటు తీగ గుండా బల్బుకొచ్చి, కారు రేకు గుండా బ్యాటరీకి తిరిగి వెళ్తుందట. ఆ రేకుకి కలిపే బోల్టే ఎర్తు. బల్బు హోల్డర్ నుంచి రేకుకి ఓ తీగముక్క ఆనించగానే లైట్లు భగ్గున వెలిగాయి.

డిక్కీలో చాప ఎత్తితే బోల్టు నిండా తుప్పు. పక్కనే పసుపు మరక. నాకు చప్పున గుర్తొచ్చింది. కిందటి వేసవిలో అత్తయ్యగారిచ్చిన మాగాయ జాడీ అక్కడే ఒలికింది. పైపైన తుడిచి చాప కప్పేశాను. ఉప్పు డబ్బా మూతల్ని ఎలా తినేస్తుందో రోజూ చూసే నాకే ఆ ధ్యాస లేకపోయింది! ఆయన గరుకు కాగితంతో తుప్పు గీకి, బోల్టు బిగించి, గ్రీజు రాశారు. అంతే.

ఆయన చెప్పినవి మీకూ చెబుతాను. ఒక పక్కే వెలగకపోతే ముందు బల్బు చూడాలి. బ్రేకు లైట్లన్నీ ఒక్కసారే పోతే ఫ్యూజో, బ్రేకు పెడల్ దగ్గరుండే స్విచ్చో అనుకోవాలి. ఇండికేటర్ ఒక పక్కకి మరీ గబగబా కొట్టుకుంటే ఆ పక్క బల్బు పోయిందేమో చూడాలి. ఫ్యూజు పోతే అన్నే ఆంపియర్లది వేయాలి. తీగముక్క చుడితే వైర్లు కాలి కారే అంటుకోవచ్చు. కొత్త కార్లలో చాలావాటికి ఎల్‌ఈడీ లైట్లు. వాటికి బల్బు విడిగా రాదు.

నడిపేవాళ్ళకి తమ వెనక దీపం కనిపించదు. ఇంకొకరు చూసి చెప్పాల్సిందే. ఎవరూ లేకపోతే చీకటిపడ్డాక కారు వెనక భాగం గోడవైపు పెట్టి, బ్రేకు తొక్కి, గోడ మీద పడే ఎర్రవెలుగు అద్దంలో చూసుకోవచ్చు. మా ఇంట్లో ఆ పని నాది. ఎక్కడికి బయల్దేరినా కారు వెనక నిలబడి అన్నీ చూసి, నేను "సరే" అన్నాకే అందరూ ఎక్కాలి.

ఇక పచ్చడి జాడీ అంటారా? బకెట్లో పెట్టుకుని నా కాళ్ళ దగ్గరే తెచ్చుకుంటున్నాను!