తుపాకీ లైసెన్సు గురించి చట్టం ఏమంటోంది?

డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు వరసవాడు కొత్తగా గ్లాక్ 19 పిస్తోలు కొన్నాడు. ఫోన్లో గంటసేపు దాని ముచ్చటే. "అన్నా, దీనికి బయట సుత్తి ఉండదు. లోపలున్న స్ట్రైకరే పోయి తూటా వెనక కొడుద్ది. విడిగా సేఫ్టీ మీట లేదు, ట్రిగ్గర్ మధ్యలోనే చిన్న మీట. ప్రతిసారీ లాగుడు ఒకేలా ఉంటది. మ్యాగజైనుకి 15 తూటాలు. జాగ్రత్తంతా నా వేలిదే."

"భయమేసి కొన్నావా?" అన్నాను.

"లేదన్నా. అడిగితే ఇచ్చారు. కులమేందని ఎవరూ అడగలా."

మన దగ్గర సంగతి చూద్దాం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 1995లో నియమాలొచ్చాయి. మూడో నియమం చదవండి. అత్యాచారాలు జరిగే ప్రమాదమున్న చోట ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి, ఆయుధాలు ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. అవసరమనుకుంటే మనకు లైసెన్సులివ్వాలి. ఆ 'అవసరం' తేల్చేది మనం కాదు, అధికారి.

మనకూ తుపాకులు పంచమని నేననడం లేదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపడానికి గొడ్డళ్లు, బరిసెలే సరిపోయాయి. ఇంట్లో తుపాకీ ఉంటే ముందు ముప్పు ఇంట్లోవాళ్లకే. నేనడిగేది ఆ నియమంలో మొదటి సగం. మీ మండలంలో పెత్తందార్ల ఇళ్లలో ఎన్ని లైసెన్సు తుపాకులున్నాయి? అట్రాసిటీ కేసు పడ్డాక ఎన్ని రద్దయ్యాయి? పది రూపాయలు కట్టి కలెక్టరాఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబు ఇక్కడ పెట్టండి, అందరం చదువుదాం.

జై భీమ్.